రష్ మొదటి ఆల్బమ్‌ను వదిలేయవచ్చా?

మీరు అడిగినది ఇది: కెనడా రాక్ బృందం రష్ ఆల్బమ్‌లు "2112", "మూవింగ్ పిక్చర్స్" విన్నారు, బాగా నచ్చాయి. తెలిసిన అభిమానులేమో 1974లో వచ్చిన మొదటి ఆల్బమ్ జోలికి వెళ్లనవసరం లేదంటున్నారు. అందులో డ్రమ్మర్ నీల్ పియర్ట్ కాదు, పాటల సాహిత్యంలో పస లేదు, మొత్తం ఇంగ్లిష్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ బాణీయే అన్నది వాళ్ల వాదన. ఇది ఎంతవరకు నిజం, వినడం దండగా అని మీ సందేహం.

ఆ మూడు మాటలూ చాలావరకు నిజమే. అయినా వినమనే అంటాను. ఎందుకంటే అభిమానులు ఈ ఆల్బమ్‌ను "2112" పక్కన పెట్టి కొలుస్తారు. ఆ కొలతకు ఇది ఎలాగూ నిలవదు. అసలు ఇది ఆ బృందం చేసిన రికార్డే కాదు. టొరంటో బార్లలో రాత్రిళ్లు వాయించి పొట్టపోసుకున్న వేరే బృందం ఒకటి ఉండేది. దానికీ పేరు రష్. పూర్తి ఆల్బమ్‌గా అది మిగిల్చి వెళ్లింది ఇదొక్కటే.

ఆ బార్ల సంగతి కాస్త తెలిస్తే ఈ ఆల్బమ్ ధ్వని ఎందుకలా ఉందో అర్థమవుతుంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం 1971లో మద్యం తాగే వయసును 21 నుంచి 18కి తగ్గించింది. ఒక్కసారిగా బార్లన్నీ కుర్రకారుతో నిండిపోయాయి, వాళ్లకు హోరెత్తించే సంగీతం కావలసి వచ్చింది. అంతకుముందు స్కూళ్లలో, యువజన కేంద్రాల్లో వాయించుకుంటున్న ఈ ముగ్గురికి (పాడుతూ బేస్ గిటార్ వాయించే గెడ్డీ లీ, గిటారిస్టు అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్మర్ జాన్ రట్సీ) గ్యాస్‌వర్క్స్ లాంటి బార్లలో రోజూ పని దొరికింది. తాగుతూ, కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్న జనాన్ని తమవైపు తిప్పుకోవాలంటే పాట మొదటి క్షణం నుంచే గట్టిగా తగలాలి. ఆల్బమ్‌లోని ఎనిమిది పాటల్లో ఎక్కువ భాగం అలా తయారైనవే. కథలు, పురాణాలు, ఇరవై నిమిషాల రచనలు అక్కడ ఎవరికి కావాలి?

రికార్డు కంపెనీలు వీళ్లను పట్టించుకోలేదు. దాంతో మేనేజర్లు రే డేనియల్స్, విక్ విల్సన్ కలిసి మూన్ రికార్డ్స్ అని సొంత కంపెనీ పెట్టారు. 1973లో బడీ హోలీ పాత పాట "నాట్ ఫేడ్ అవే"ను సింగిల్‌గా తెచ్చారు, ఎవరూ కొనలేదు. తర్వాత ఆల్బమ్ పని మొదలైంది. పగటిపూట స్టూడియో అద్దె భరించలేరు కాబట్టి, బార్లో కచేరీ ముగించుకుని, సామాన్లు మోసుకుంటూ అర్ధరాత్రి దాటాక ఈస్టర్న్ సౌండ్ స్టూడియోకు వెళ్లేవారు. ఆ వేళలో అద్దె తక్కువ. అప్పటికే గంటల తరబడి అరిచిన గొంతుతో గెడ్డీ మళ్లీ పాడేవాడు. అలా చేసిన రికార్డింగ్ వింటే పేలవంగా ఉంది. చివరికి టెర్రీ బ్రౌన్ అనే ఇంగ్లిష్ ఇంజనీర్ దగ్గరకు, టొరంటో సౌండ్ స్టూడియోకు వెళ్లారు. కొద్ది రోజుల్లోనే కొన్ని పాటలు కొత్తగా రికార్డు చేసి, ఉన్నవాటిని మళ్లీ మిక్స్ చేసి ఆయన దాన్ని నిలబెట్టాడు. 1982 నాటి "సిగ్నల్స్" దాకా రష్ స్టూడియో ఆల్బమ్‌ల వెనక ఉన్నది ఆయనే. వాళ్ల బంధం మొదలైంది ఇలా, పాడైన పనిని బాగుచేయడంతో.

ఇక సాహిత్యం విషయం. పాటల మాటలు రాయాల్సిన వాడు రట్సీ. రాశాడు కూడా అంటారు, కానీ రికార్డింగ్ సమయానికి ఆ కాగితాలు ఇవ్వలేదు, చించిపారేశాడు. గెడ్డీ అప్పటికప్పుడు ఏవో మాటలు అల్లి పాడాల్సి వచ్చింది. అందుకే "నీడ్ సమ్ లవ్" వింటుంటే ఖాళీలు పూరించండి అన్న పరీక్షపత్రం చదివినట్టు ఉంటుంది. ప్రేమ కావాలి, చాలా కావాలి, త్వరగా కావాలి, అంతే. "టేక్ ఎ ఫ్రెండ్" కూడా అలాంటిదే. ఈ రెండింటినీ దాటేసినా మీకు పోయేదేమీ లేదు, నేను కూడా దాటేస్తాను.

"వర్కింగ్ మ్యాన్" సంగతి అలా కాదు. ఆ పాటలో ఉన్నదల్లా నాలుగు ముక్కలు. ఏడింటికి లేస్తాను, తొమ్మిదికి పనికి వెళ్తాను, అయిదింటికి ఇంటికొచ్చి చల్లని బీరు తీస్తాను, బతుకులో ఏమీ జరగడం లేదేమిటా అనుకుంటాను. అంతకుమించి మరో పోలిక లేదు, అలంకారం లేదు. పియర్ట్ వచ్చి మాటలు రాయడం మొదలుపెట్టాక ఇంతకన్నా వందరెట్లు గొప్ప మాటలు పాడారు గానీ, గచ్చిబౌలి వైపు కంపెనీ బస్సులో కూర్చుని ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు నాకు చెవికెక్కేది ఈ నాలుగు ముక్కలే. ఇరవై ఏళ్ల కుర్రవాడు హడావుడిగా రాసిన మాటలు ఉద్యోగస్తులకు ఇంత సరిగ్గా ఎలా అతికాయో నాకు ఇప్పటికీ వింతే.

ఈ పాట గురించి ఇంకొంచెం చెప్పాలి. నేను ఒక చిన్న వారాంతపు బృందంలో బేస్ గిటార్ వాయిస్తాను. ఉప్పల్‌లో ఒక మిత్రుడి మేడ మీది గది మా కచేరీ మందిరం. "వర్కింగ్ మ్యాన్" మొదటి వరస ఎంత తేలికంటే ఒక సాయంత్రంలో చేతికి వచ్చేస్తుంది. మా డ్రమ్మర్ పియర్ట్‌ను చూసి డ్రమ్స్ నేర్చుకున్నవాడు. సందు దొరికిన చోటల్లా ఒక విన్యాసం దూర్చేవాడు. ఒక్కొక్కటీ విడిగా వింటే బాగానే ఉండేది. పాట మాత్రం కదిలేది కాదు, మాటిమాటికీ ఆగుతున్నట్టు అనిపించేది. చివరికి విసిగి అసలు రికార్డు పెట్టుకుని, గిటార్‌ను పట్టించుకోకుండా రట్సీ ఒక్కడినే విన్నాం. అతను ఏమీ చేయడు! బేస్ డ్రమ్, స్నేర్, ఒక నిలకడైన బరువైన నడక. గిటార్ వరస ముగిసే చోట మాత్రం చిన్న దెబ్బ వేసి మళ్లీ దారిలోకి వస్తాడు. ఆ ఖాళీ ఉండబట్టే వరసలోని ప్రతి స్వరమూ పెద్దదిగా వినిపిస్తుంది. మావాడు మూతి ముడుచుకునే అలా వాయించాడు, పాట లేచి నిలబడింది.

నడుమ వేగం అందుకునే భాగం ఉంటుంది. అక్కడ లైఫ్‌సన్ సోలోలోకి దూకుతాడు. ముగ్గురే ఉన్న బృందంలో కష్టం తెలిసేది అక్కడే. గిటారిస్టు సోలోకి వెళ్లగానే వెనక పట్టుకునేందుకు రెండో గిటార్ ఉండదు. పాట బరువంతా బేస్ మీద పడుతుంది. గెడ్డీ అక్కడ పరుగెత్తే తీరు చూడండి. తర్వాత అతనికి గుర్తుగా మారిన రికెన్‌బ్యాకర్ బేస్ గిటార్ అప్పటికి అతని దగ్గర లేదు, అది అమెరికా రికార్డు కంపెనీ మెర్క్యురీ ఇచ్చిన అడ్వాన్సుతో తర్వాత కొనుక్కున్నాడు. ఈ ఆల్బమ్‌లో వాయించింది ఫెండర్ ప్రెసిషన్. తర్వాతి రికార్డుల్లోని ఆ గరగరలాడే లోహపు నాదం ఇక్కడ లేదు. ఇది కాస్త మొద్దుగా, గుండ్రంగా ఉంటుంది. చేతివాటం మాత్రం అప్పటికే అదే.

లెడ్ జెపెలిన్ పోలిక వీళ్లకు నింద అని అందరూ అనుకుంటారు. నిజానికి వీళ్లకు బతుకునిచ్చింది ఆ పోలికే. ఆల్బమ్ 1974 మార్చిలో కెనడాలో విడుదలైంది. మొదట అచ్చయినవి 3,500 కాపీలని చెబుతారు. అందులో ఒకటి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు, డబ్ల్యూఎంఎంఎస్ రేడియోలో పాటలు ఎంపిక చేసే డోనా హాల్పర్‌ చేతికి వచ్చింది. మైకు ముందున్నవాళ్లు మూత్రవిసర్జనకు వెళ్లాలంటే పొడుగు పాట పెట్టి వెళ్లడం రేడియో వాళ్లకు అలవాటు. అందుకు పనికొచ్చేది ఏదైనా ఉందేమోనని ఆమె ముందుగా ఏడు నిమిషాలు దాటిన "వర్కింగ్ మ్యాన్" మీద ముల్లు పెట్టింది. వెంటనే ఆమెకు అర్థమైంది, ఉక్కు కర్మాగారాల ఊరైన క్లీవ్‌లాండ్‌కు ఇది సరిగ్గా సరిపోయే పాట అని. ప్రసారం చేయగానే ఫోన్లు మోగాయి. లెడ్ జెపెలిన్ కొత్త ఆల్బమ్ ఎప్పుడు వస్తోందని అడిగారట శ్రోతలు. కెనడా నుంచి తెప్పించిన కాపీలు అక్కడి దుకాణాల్లో అమ్ముడైపోయాయి. ఆ వార్త మెర్క్యురీ కంపెనీకి చేరింది, ఒప్పందం కుదిరింది. అమెరికా ముద్రణ అట్ట మీద హాల్పర్‌కు ప్రత్యేకంగా కృతజ్ఞతలు అచ్చువేశారు.

అట్ట అంటే గుర్తొచ్చింది. పేలిపోతున్నట్టు కనిపించే ఆ అక్షరాలు ఎర్రగా ఉండాలి. ముద్రణలో తేడా జరిగి గులాబీ రంగుకు తిరిగాయి. అలాగే వదిలేశారు. మోటుగా వాయించే బృందానికి ఆ రంగు ఏమిటని నవ్వొస్తుంది గానీ, ఇప్పుడు ఎర్రటిది చూపిస్తే నకిలీ అనుకుంటాం.

అదృష్టం తలుపు తట్టిన ఆ వేసవిలోనే రట్సీ వెళ్లిపోయాడు. అతనికి మధుమేహం ఉంది, నెలల తరబడి బండిలో తిరిగే జీవితం పడదు. బృందం వెళ్లదలచిన దారీ, అతనికి నచ్చిన దారీ కూడా అప్పటికే వేరవుతున్నాయి. 1974 జులై 29న, అంటే గెడ్డీ పుట్టినరోజున, నీల్ పియర్ట్ చేరాడు. ఆగస్టు 14న పిట్స్‌బర్గ్‌లో యురయా హీప్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం కంటే ముందు వేదిక ఎక్కారు. 1975 మొదట్లో రెండో ఆల్బమ్ "ఫ్లై బై నైట్" వచ్చేసరికి డ్రమ్స్, మాటలు, పాటల కట్టడం అన్నీ మారిపోయాయి. రట్సీ 2008లో చనిపోయాడు. అతను మరో పేరున్న రికార్డు చేయలేదు. అభిమానులు అతన్ని పియర్ట్ వచ్చే వరకు కుర్చీ కాచినవాడిలా మాట్లాడటం నాకు మొదటి నుంచీ నచ్చదు. ఆ బృందాన్ని లైఫ్‌సన్‌తో కలిసి 1968లో మొదలుపెట్టినవాడు అతను.

మరి ఏ పాటలు వినాలి? నా అభిప్రాయంలో అందరూ నిర్లక్ష్యం చేసే అసలు పాట "హియర్ అగైన్". ఏడున్నర నిమిషాల నెమ్మదైన బ్లూస్. చాలామందికి సాగదీతగా అనిపిస్తుంది. బార్లో రాత్రి చివరి వాయిదాలో, జనం పలచబడ్డాక వాయించే పాట అది అనుకుని వినండి. లైఫ్‌సన్ సోలోలో తొందర ఉండదు. తర్వాతి రోజుల్లో లెక్క ప్రకారం సాగే అతని వాయింపులో ఈ తీరిక మళ్లీ అంతగా దొరకదు. "బిఫోర్ అండ్ ఆఫ్టర్" మొదటి సగం మాటల్లేని మెత్తని సంగీతం, తర్వాత ఒక్కసారిగా బరువెక్కుతుంది. రాబోయే రష్ ఎక్కడైనా తొంగిచూసిందంటే ఇక్కడే. "ఫైండింగ్ మై వే" గిటార్ దూరం నుంచి దగ్గరకు వస్తూ మొదలై, గెడ్డీ కేకతో పేలుతుంది. ఆ గొంతు మొదటిసారి విన్నవాళ్లు ఇద్దరే రకాలు, వెంటనే ఆపేసేవాళ్లు, శబ్దం పెంచేవాళ్లు. "ఇన్ ద మూడ్" ఒక పిల్లచేష్ట, కానీ దాన్ని కచేరీల్లో ఏళ్ల తరబడి వాయించారు కాబట్టి వాళ్లకు ఇష్టమే అనుకోవాలి.

2015లో, నలభై ఏళ్ల ప్రయాణానికి గుర్తుగా చేసిన ఆర్40 పర్యటనలో వాళ్లు పాటలను కాలక్రమంలో వెనక్కి వాయించుకుంటూ వెళ్లారు. పాట పాటకూ వేదిక మీది సామాను తగ్గిస్తూ, చివరికి హైస్కూల్ హాలు బొమ్మ ముందు, కుర్చీల మీద పెట్టిన చిన్న ఆంప్లిఫయర్లతో "వాట్ యు ఆర్ డూయింగ్", "వర్కింగ్ మ్యాన్" వాయించారు. ఈ ఆల్బమ్‌ను మరిచిపొమ్మనేవాళ్లు ఆ కచేరీ వీడియో చివరి భాగాన్ని ఎలా చూస్తారో తెలియదు. అక్కడ డ్రమ్స్ పియర్ట్‌వి. అదే పాటలో రట్సీతో తేడా వినాలంటే అంతకన్నా మంచి అవకాశం లేదు.

రట్సీ వాయిస్తుండగా చూడాలంటే 1974 మేలో సెయింట్ కాథరిన్స్‌లోని లారా సెకార్డ్ హైస్కూల్లో చిత్రీకరించిన కచేరీ ఉంది, ఆర్40 పేరుతోనే వచ్చిన కచేరీ వీడియోల పెట్టెలో విడుదల చేశారు. ఆల్బమ్ వచ్చిన కొద్ది వారాలకే తీసినది. కొనదలిస్తే, రికార్డు ప్లేయర్ ఉంటే 2014లో వచ్చిన వినైల్ ముద్రణ చూడండి. లేకపోతే మీరు పాటలు వినే ఏ యాప్‌లో అయినా దొరుకుతుంది. మొదటిసారి వరుసలో వినకండి. రెండో వైపు, అంటే "వాట్ యు ఆర్ డూయింగ్" నుంచి మొదలుపెట్టి చివరి దాకా వెళ్లి, తర్వాత మొదటి వైపుకు రండి. "హియర్ అగైన్" నచ్చకపోతే ఇక్కడే వ్యాఖ్యలో రాయండి, వాదించుకుందాం.