కొత్త వంటింట్లో గిన్నెలు సర్దబోయే అమ్మాయికి

చి. సౌ. స్వాతికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

కొత్త ఫ్లాట్‌లో గిన్నెల అట్టపెట్టెలు ఇంకా విప్పలేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచిదే, అప్పుడే విప్పకు. ఒకటి రెండు రోజులు చేతిలో ఉన్న నాలుగు గిన్నెలతోనే వండు. స్టవ్ ముందు నిలబడినప్పుడు చెయ్యి ఎటు పోతోందో, దేనికోసం మాటిమాటికీ వెనక్కి తిరగాల్సి వస్తోందో చూసుకో. అలమరలు బిగించినవాళ్ళు ఇది ప్లేట్ల డ్రాయరు, ఇది కప్పుల డ్రాయరు అని చెప్పే ఉంటారు. వాళ్ళు వచ్చి వండరు కదా!

గిన్నెల్ని రకాన్ని బట్టి కాకుండా పనిని బట్టి పెట్టుకో. గరిటెలన్నీ ఒకే డ్రాయర్లో వరసగా ఉంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ పెనం పక్కనే అట్లకాడ ఉంటేనే దోసెల వేళ చిరాకు పుట్టదు. టీ గిన్నె, వడకట్టు, కప్పులు, పంచదార డబ్బా ఒక అరలో ఉండాలి. పోపుల డబ్బా, నూనె, మూకుడు స్టవ్‌కి చేరువలో. కంచాలూ గ్లాసులూ మాత్రం భోజనాల బల్ల వైపు పెట్టు, అదీ పిల్లలకు అందే ఎత్తులో. ఎవరి కంచం వాళ్ళు తెచ్చుకుంటారు, మీ ఆయనతో సహా.

బరువైనవన్నీ కిందికే. కుక్కర్లు, గ్రైండరు గిన్నె, ఇనప మూకుడు తల కంటే ఎత్తులో ఉండకూడదు. రోజూ వాడేవి నడుముకీ భుజానికీ మధ్య. ఇడ్లీ పాత్ర వారానికి రెండుసార్లు దిగేదయితే పై అరలో ఉన్నా ఫర్వాలేదు.

అసలు చెప్పాల్సింది తడి సంగతి. గోడకి స్టీలు స్టాండు పాతకాలపుదని వద్దన్నావట. నువ్వలా వద్దనడం నాకైతే నచ్చలేదు. కడిగిన కంచాలు గాలికి ఆరడానికి దాన్ని మించింది లేదు. తడి గిన్నెలు తలుపులున్న అలమరలో పెట్టి మూసేస్తే ముక్కిపోయిన వాసన వస్తుంది, బొద్దింకలు చేరతాయి, నీళ్ళు దిగిన చోటల్లా చెక్కపొట్టు పలకలు ఉబ్బిపోతాయి. స్టాండు పెట్టించనంటే సింకు పక్కన ఒక బుట్టయినా ఉంచి, రాత్రి కడిగినవి పొద్దునే లోపలికి చేర్చు. సింకు కింద అలమరలో చీపురు, సబ్బు తప్ప గిన్నెలు వద్దు.

కుక్కరు మూత బిగించి దాచకు. గాస్కెట్ తీసి, మూత తిరగేసి పైన పెడితే పప్పు వాసన పట్టదు. ఇనప పెనం కడిగి, స్టవ్ మీద ఒక్క నిమిషం వేడి చేసి, నూనె గుడ్డతో తుడిచి పెట్టు, తుప్పు పట్టదు. నాన్‌స్టిక్ పెనాలు ఒకదానిమీద ఒకటి పెట్టాల్సి వస్తే మధ్యలో పాత నూలు గుడ్డ వెయ్యి. ఉప్పు స్టీలు డబ్బాలో పొయ్యకు, చిన్న చిన్న గుంటలు పడతాయి. దానికి జాడీయే సరి.

స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెడితే ఇరుక్కుపోతాయి. నేలకేసి కొట్టకు, అంచులు సొట్టపోతాయి. లోపలి గ్లాసులో చల్లటి నీళ్ళు పోసి, బయటి గ్లాసుని వేడి నీళ్ళలో నిలబెట్టు. వేడికి బయటిది కాస్త సాగుతుంది, చిన్నగా తిప్పితే ఊడొస్తుంది.

చాకులు గరిటెల మధ్య పడెయ్యకు. చెయ్యి పెట్టి వెతికే చోట పదునైనది ఉండకూడదు. కత్తిపీట వాడేటట్టయితే మడిచి, కత్తి గోడవైపు ఉండేలా కింది అరలో పెట్టు.

పెళ్ళిలో వచ్చిన పెద్ద గుండిగలు, డిన్నర్ సెట్టు అటకెక్కించు. ఎక్కించేటప్పుడు ఏ పెట్టెలో ఏముందో మార్కర్‌తో అట్ట మీద రాయి, పక్కకి కనిపించేలా. పైన రాస్తే దింపితే గానీ తెలీదు. అమ్మమ్మ ఇత్తడి గిన్నెల్లో కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయినవి ఉంటే వేరుగా ఉంచు. పులుసూ చారూ వాటిలో పెట్టకూడదు, కళాయి వేయించాకే వాడాలి. మీ వీధిలో కళాయి వేసేవాళ్ళు రాకపోతే నాకు చెప్పు, ఇక్కడ వేయించి పంపిస్తాను.

ఇట్లు,
పెద్దమ్మ