నీళ్ల క్యాన్‌ను వదిలేయండి, ఎండుమిర్చిని చూడండి

ప్రశ్న: ఈ మధ్య వచ్చే చారిత్రక సినిమాలు, సిరీస్‌లు అంత ఖర్చు పెట్టి తీసినా పాతకాలం చూసినట్టు ఎందుకనిపించవు?

డబ్బు చాలక కాదు. కోటలకూ కత్తులకూ పెట్టే శ్రద్ధలో పదోవంతు వంటింటికీ, చీర కుచ్చిళ్లకూ పెట్టరు, అందుకు.

రాజుల కాలం నాటి కథ తీసిన 'కాంతార చాప్టర్ 1' సినిమా పాటలో భోజనాల బంతి దగ్గర 20 లీటర్ల ప్లాస్టిక్ నీళ్ల క్యాన్ కనబడిందని 2025లో జనం పడీపడీ నవ్వినారు. నన్నడిగితే దాన్ని క్షమించొచ్చు. ఎవరో తీసేయడం మరిచినారు, అంతే. రాయలవారి కథల్లో వంటశాల గోడకు ఎండుమిరపకాయల దండ కడతారే, దాన్ని మాత్రం క్షమించలేను. అది పనిగట్టుకుని కొనుక్కొచ్చి కట్టింది! మిరప అమెరికా ఖండం పంట, పోర్చుగీసు ఓడల్లో మనకొచ్చింది. కృష్ణదేవరాయలు గద్దెనెక్కింది 1509లో, పోర్చుగీసువాళ్లు గోవా పట్టుకున్నది 1510లో. ఆ రోజుల్లో పెనుకొండ వంటింట్లో కారమంటే మిరియాలే. టమోటా, ఉర్లగడ్డ (బంగాళాదుంప) కథా అంతే. కారానికి పేరుపడ్డ సీమోళ్లమే దీన్ని పట్టుకోకపోతే ఎట్లప్పా?

బట్టల దగ్గర ఇంకా అన్యాయం. రాయలకాలం తీసేవాళ్లు లేపాక్షి వీరభద్రస్వామి గుడికి ఒక్కపూట వచ్చి, మెడ పైకెత్తి మండపం కప్పు చూస్తే చాలు. కృష్ణదేవరాయల తరవాత ఏలిన అచ్యుతరాయల నాటి బొమ్మలవి. మగవాళ్లకు పొడుగాటి కుళ్లాయి టోపీ, ఒంటికి పల్చని నూలు అంగీ. ఆడవాళ్లకు చారలు, గళ్లు, పూల అచ్చుల చీరలు, బరువైన కొప్పు. తిరుమలలో కృష్ణదేవరాయల విగ్రహం నెత్తిన ఉన్నదీ ఆ కుళ్లాయే. సీరియల్ రాజుకేమో రాత్రి పడకగదిలోనూ తగరపు కిరీటం.

మన పాలెగాళ్ల కాలానికొస్తే పరీక్ష ఇంకా సులువు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు 1846లో. ఆ కాలం సన్నివేశాన్ని ఒకచోట ఆపి చూడండి. పైట మడతలు భుజం మీద గీత గీసినట్టు నిలబడితే లోపల పిన్నీసు ఉన్నట్టే. పిన్నీసుకు పేటెంట్ వచ్చిందే 1849లో. చీర అంచు కిందికి కర్రలా దిగితే ఫాల్ కుట్టినారని అర్థం. కళ్లు జిగేల్‌మనే ఊదారంగు కనబడితే అది రసాయన రంగు, మొదటిది పుట్టింది 1856లో. కిరసనాయిలు లాంతరు కూడా ఆ తరవాతి సంగతే. ఆముదం దీపం ఒక్క వత్తికి ఒక మూలే వెలుగుతుంది, గూటికి మసి పడుతుంది. సినిమాలో ఒక్క ప్రమిద పెట్టి గదంతా నీలంగా వెలిగిస్తారు, గోడకు మసి మరక కూడా ఉండదు.

తుపాకులు సరేసరి. కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) సిపాయి కాగితం తూటాను పంటితో చించి, మందు గొట్టంలో పోసి, గుండు వేసి, ఊచతో దట్టించి, అప్పుడు గురి పెట్టాల. బాగా చేయి తిరిగినోడికీ నిమిషానికి రెండు మూడు దెబ్బలే. తుపాకిమందు పొగకు నాలుగు విడతలు కాల్చినాక ఎదుటి మనిషే కనపడడు. ఈ పొగను వాడుకుంటే ఎంత భయంకరమైన యుద్ధం తీయొచ్చో! మనవాళ్లు తెరంతా తేటగా ఉంచి మిషన్‌గన్ మోత పెడతారు.

భాష గురించి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. పాలెగాడు గ్రాంథికంలో మాట్లాడతాడు, లేకపోతే కృష్ణా జిల్లా యాసలో. సీమ యాస మాత్రం తొడగొట్టే ఫ్యాక్షనిస్టుకు, వాని వెనక సుమోలో వచ్చేటోళ్లకు దాచిపెట్టినారు. 'షోగన్' సిరీస్ చూడండి, 1600 నాటి జపాన్ కథ. మాటల్లో ఎక్కువ భాగం జపనీసే, చూసేవాళ్లు కింద అక్షరాలు చదువుకోవాల్సిందే. అట్లున్నా మొదటి సీజన్‌కే 18 ఎమ్మీ అవార్డులు వచ్చినాయి. ఇక్కడ మాత్రం "యాడికి పోతాండావు" అని రాస్తే జనానికి అర్థం కాదంట!

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీసినారు. తలను కోట మీద 1877 దాకా అట్లనే ఉంచినారంటారు. ముప్పై ఏండ్లు. ఆ తల కింద నుంచే సంతకు పోయొచ్చిన జొన్న రైతుల కథ ఎవరన్నా ఎనిమిది ఎపిసోడ్లు తీస్తే, పిన్నీసులున్నా సరే, నేను చూస్తా.