ముఖం వేడి కొలిచే ముందు గది సంగతి చూడండి

నెల్లూరులో డిగ్రీ ప్రాజెక్టుకి పది మందిని ఊరికే కూర్చోబెట్టి థర్మల్ కెమెరాతో ముఖం వేడి కొలుస్తున్నామనీ, ఒకే మనిషికి అరగంట తేడాలో నుదురు రెండు డిగ్రీలు మారుతోందనీ, ఇంతకన్నా మంచి కెమెరా ఏదో చెప్పమనీ అడిగారు.

కెమెరా సంగతి తర్వాత. మీ వాళ్లు కూర్చుంటున్నారు గానీ విశ్రాంతిగా లేరు. మే నెల మధ్యాహ్నం వేదాయపాళెం నుంచి బండి మీద వచ్చిన కుర్రాణ్ణి తీసుకోండి. హెల్మెట్ తీసి, రుమాలుతో ముఖం తుడుచుకుని, ఏసీ కింద కూలబడతాడు. తెర మీద చూడండి: హెల్మెట్ స్పాంజి ఆనిన చోట నుదుటి మీద అడ్డంగా వేడి పట్టీ. చెంపల మీద మిగిలిన తడి ఆరుతుంటే చల్లటి మచ్చలు. ఏసీ వైపు చెంప ఒకలా, అవతలి చెంప ఇంకోలా. కళ్లజోడు చల్లటి పలకలా కనిపిస్తుంది, ఈ కెమెరా చూసే వేడి కిరణాలను గాజు దాటనివ్వదు మరి. ఇవన్నీ సర్దుకోవడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. మీ రెండు డిగ్రీలు పోయింది ఇక్కడే.

గది 23, 24 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. ఏసీ 18లో పెట్టి వణికించడం మనవాళ్లకో జబ్బు. ఫ్యాను ఆపండి, తిట్టుకున్నా సరే. వెనక కిటికీ ఉండకూడదు. రెండు గంటల ముందు నుంచీ కాఫీ, సిగరెట్టు వద్దు, చేపల పులుసు భోజనం చేసి వచ్చినవాణ్ణి అప్పుడే కూర్చోబెట్టొద్దు. పౌడరు, క్రీము కడిగించి, తుడవకుండా అద్ది ఆరనివ్వండి. స్టిక్కర్ బొట్టు తీయించండి, అక్కడ కెమెరా చదివేది స్టిక్కర్ వేడిని. ముక్కుపుడక మరీ మోసం: మెరిసే లోహం తన వేడి చూపించకుండా గది వేడిని అద్దంలా చూపిస్తుంది.

అది కూడా సరిగ్గా ముక్కు దగ్గర! ముఖంలో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేది ముక్కు కొనే. కంటి లోపలి మూల ఒంటి వేడికి దగ్గరగా, ఇంచుమించు కదలకుండా ఉంటుంది. ముక్కు అలా కాదు, కాస్త కంగారు పడితే రక్తనాళాలు బిగిసి చల్లబడుతుంది. వెనక స్నేహితులు నిలబడి నవ్వుతున్నా అంతే. ముఖమంతా కలిపి సగటు తీసి ఒక్క అంకె రాయడం నా దృష్టిలో దండగ పని. కంటి మూలకీ ముక్కు కొనకీ తేడా రాయండి.

ఆ తేడాకి మీ కెమెరా చాలు. ఇలాంటి కెమెరాల్లో అసలు ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చని కంపెనీలే రాస్తాయి. అయినా ఒకే చిత్రంలో రెండు చోట్ల మధ్య తేడాని అంతకన్నా చాలా బాగా పట్టుకుంటాయి. అరగంట ముందే ఆన్ చేసి, స్టాండు మీద మీటరు దూరంలో పెట్టి, సెట్టింగుల్లో ఎమిసివిటీ (ఒక వస్తువు తన వేడిని ఎంత బాగా కిరణాలుగా వదులుతుందో చెప్పే అంకె) చర్మానికి తగ్గట్టు 0.98 చేయండి. మధ్యలో టిక్కుమని షట్టర్ పడినప్పుడు అంకె ఎగురుతుంది, ఆ రెండు సెకన్లు వదిలేయండి. కెమెరాని సరిచూసుకోవడానికి తెలిసిన వేడి దగ్గర నిలిచి ఉండే పరికరం, బ్లాక్‌బాడీ, కొనే డబ్బు లేకపోతే స్టీలు గ్లాసుకి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, 35 డిగ్రీల నీళ్లు పోసి, అందులో థర్మామీటరు ఉంచి, ముఖం పక్కనే అదే దూరంలో పెట్టండి. థర్మామీటరు కదలకుండా టేపు అంకె మాత్రం జరిగితే జారింది కెమెరా అన్నమాట.

రిపోర్టులో రంగుల బొమ్మ పెట్టేటప్పుడు ఆటో స్కేలు తీసేసి, అందరికీ 28 నుంచి 38 అని బిగించండి. లేకపోతే ఒకరి ఎరుపు ఇంకొకరి పసుపు అవుతుంది.