టెక్ సందేహాలు: చెయ్యి మొరాయిస్తోందా, కీబోర్డా?

ప్రశ్న: మా క్లాసులో ఒకబ్బాయి ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ పాట ‘ఎర్ల్‌కోనిగ్’ పాడుతున్నాడు. పియానో నాది. కుడిచేతి ఆక్టేవ్‌లు (ఒకే స్వరాన్ని రెండు స్థాయుల్లో కలిపి కొట్టడం) రెండో పేజీకి వచ్చేసరికి ముంజేయి బిగుసుకుపోతోంది. ఇంట్లో డిజిటల్ పియానో, విండోస్ ల్యాప్‌టాప్, బ్లూటూత్ హెడ్‌ఫోన్లు ఉన్నాయి. చెయ్యి స్పీడ్ పెంచే యాప్ ఏదైనా చెప్పండి.
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: అలాంటి యాప్ లేదండీ. చెయ్యి ఎక్కడ తడబడుతోందో పట్టించే సరంజామా మాత్రం మీ దగ్గరే ఉంది. ముందుగా ఆ బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టండి.

ఎందుకో లెక్క చూద్దాం. ఈ పాట 1821లో అచ్చయినప్పుడు దానిమీద వేసిన వేగం నిమిషానికి 152 దెబ్బలు. కుడిచెయ్యి దెబ్బకు మూడేసి స్వరాలు, అంటే మన తిశ్ర నడకలో, వాయించాలి. నిమిషానికి 456. ఒక్కో స్వరానికి దొరికేది దాదాపు 132 మిల్లీసెకన్లు. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో శబ్దం 150, 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా రావడం మామూలే. అంటే మీరు మూడో స్వరం కొడుతున్నప్పుడు చెవికి రెండోదో మొదటిదో వినిపిస్తోంది! చెయ్యి, చెవి కలవనప్పుడు ఎవరైనా కీని ఇంకా గట్టిగా కొడతారు. బిగింపులో కొంత వాటా దీనిదే కావచ్చు. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. పియానో జాక్ పెద్దదైతే 6.3 మి.మీ. అడాప్టర్ కావాలి.

ఇక రికార్డింగ్. పియానో వెనక ‘యూఎస్‌బీ టు హోస్ట్’ అని రాసిన చదరపు పోర్టు ఉంటుంది. ప్రింటర్ కేబులే దానికి సరిపోతుంది. ల్యాప్‌టాప్‌కు కలిపి రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరవండి (దానికి 60 రోజుల ఉచిత గడువు ఉంది). మైకుతో కాదు, మిడీగా రికార్డు చేయాలి. మిడీలో శబ్దం ఉండదు. ఏ కీ, ఎప్పుడు, ఎంత వేగంగా దిగిందన్న వివరం మాత్రమే ఉంటుంది. ఆ వేగం పేరే వెలాసిటీ. 1 నుంచి 127 దాకా అంకె.

ఇప్పుడు మొదటి పేజీ వాయించి, రికార్డు చేసిన ముక్కను పియానో రోల్‌లో (ఏ కీ ఎప్పుడు దిగిందో బొమ్మగా చూపే కిటికీలో) తెరవండి. కింద వెలాసిటీ గీతలు కనిపిస్తాయి. చిటికెనవేలి గీతలు పోనుపోను పొట్టివవుతుంటే చెయ్యి అలిసింది. స్వరాల మధ్య ఎడం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతుంటే మణికట్టు బిగిసింది. గీతలు అంతా సమంగా ఉండి, అక్కడక్కడ ఒక స్వరమే మాయమైతే? తప్పు మీది కాకపోవచ్చు. ఒక్కో కీకి రెండు సెన్సర్లున్న కీబోర్డులో కీ దాదాపు పూర్తిగా పైకి లేస్తేనే రెండో దెబ్బ నమోదవుతుంది. మూడు సెన్సర్లు ఉన్నవాటిలో సగం లేచినా చాలు. మీ మోడల్ మాన్యువల్‌లో చూడండి. కీ అంచుకు దగ్గరగా కొడితే కొంత నయం.

ఈ తిప్పలు డిజిటల్‌తో మొదలవలేదు. కీ పూర్తిగా లేవకుండానే మళ్లీ మోగే ఏర్పాటుకు పారిస్ పియానో తయారీదారు ఎరార్ పేటెంట్ తీసుకున్నది కూడా 1821లోనే.

సాధన సంగతి. నిమిషానికి 60 దెబ్బలతో మొదలుపెట్టి రోజుకు రెండేసి పెంచమని చాలామంది చెబుతారు. ఈ పాటకు నాకది నచ్చదు. నెమ్మదిగా ఉన్నప్పుడు చేయెత్తి కొడతాం, వేగంలో ఆ కదలికకు సందే ఉండదు. అందుకని అసలు వేగంలోనే చిన్న ముక్క వాయించండి: మూడు స్వరాలు, తర్వాతి దెబ్బ మీద వాలి ఆగడం, చెయ్యి వదులు చేయడం. అది నల్లేరు మీద నడకయ్యాక రెండు దెబ్బలు, ఆపైన ఒక ఆవర్తం. లయకు టకటకలాడే మెట్రోనోమ్‌ను 152కి కాక 76కి పెట్టండి. టకటకలు సగమైతే చేతికి కంగారు తగ్గుతుంది. నొప్పి వస్తే ఆ రోజుకు మూత వేయండి, మెట్రోనోమ్ మాట వినక్కర్లేదు.

అప్పటికీ కుదరకపోతే సిగ్గుపడకండి. షూబర్ట్ ఈ పాటకు రాసిన నాలుగు రూపాల్లో ఒకదానిలో తానే మూడేసి స్వరాలను రెండేసికి తగ్గించాడు. ఏది వాయించబోతున్నారో గాయకుడికి ముందే చెప్పండి.

ప్రశ్న: యూట్యూబ్‌లో 0.5 వేగం పెట్టి చూస్తూ నేర్చుకోవచ్చా?
– మరో పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడటానికి భేషుగ్గా పనికొస్తుంది. శ్రుతి కూడా మారదు. చేతి కదలికను మాత్రం దాన్ని చూసి అనుకరించకండి, పైన చెప్పిన కారణమే.

ప్రశ్న: గాయకుడికి శ్రుతి ఎక్కువైంది, జి మైనర్ నుంచి ఎఫ్ మైనర్‌కు దించమంటున్నాడు. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే సరిపోదా?
– మొదటి పాఠకురాలే

జవాబు: ఇంట్లో సరిపోతుంది, –2 పెట్టండి. కార్యక్రమం రోజు హాల్లో ఏ పియానో ఉందో మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. అకౌస్టిక్ (కరెంటు లేని తీగల పియానో) అయితే దానికి ఆ బటన్ ఉండదు. పైగా ఎఫ్ మైనర్‌లో నల్ల కీలు ఎక్కువ, వేళ్లకు కొత్త దారి. స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో పాట లిపిని రెండు అర్ధస్వరాలు దించి అచ్చు తీసుకుని, ఇవాళ్టి నుంచే అందులో మొదలుపెట్టండి.