హెచ్ఎం అయినవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది ఊరి పనుల క్యాలెండర్

"స్కూల్ అసిస్టెంట్‌గా ఉన్న నాకు జిల్లా పరిషత్ హైస్కూల్ హెచ్ఎంగా ప్రమోషన్ వచ్చింది, నాయకత్వం నేర్చుకోవడానికి మంచి కోర్సు ఏదైనా చెప్పండి" అని అడిగారు. శిక్షణలు చాలానే ఉన్నాయి, పిలిచినప్పుడు వెళ్ళండి. కానీ నన్నడిగితే, మీ ఊరివాళ్ళు ఏ నెలలో, ఎక్కడికి, ఏ పనికి పోతారో ముందు కనుక్కోండి. అది తెలియకుండా ఎంత మంచి టైంటేబుల్ వేసినా ఖాళీ బెంచీలకు పాఠం చెప్పినట్టే.

నేను కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని దగ్గర పనిచేశాను. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో ఉన్నవాళ్ళకు సుగ్గి (కూలి పనుల కోసం ఊరు వదిలి వలస పోవడం) సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. సొంత చేలో పత్తి తీత అయిపోగానే ఇంటికి తాళం వేసి, గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయల కోతకు పోతారు. కొందరు తెలంగాణకు, కొందరు బెంగళూరులో కట్టడం పనులకు. వాన మీద ఆధారపడ్డ ఒక్క పంటతో ఏడాదంతా గడవదు కదా. తిరిగి వచ్చేది ఉగాది ముందో, తర్వాతో. పదో తరగతి పబ్లిక్ పరీక్షలేమో మార్చిలో. ఇక మీరే చూసుకోండి.

డిసెంబరులో ఒక రాత్రి మా తెలుగు సార్ ఫోన్ చేశాడు. "సార్, చావిడి దగ్గర లారీ లోడవుతా ఉంది, మన పిల్లోళ్ళు శానామంది ఉన్నారు" అన్నాడు. ఇద్దరం వెళ్ళాం. జొన్నల మూటలు, గిన్నెలు, టార్పాలిన్లు, కాళ్ళు కట్టిన కోళ్ళు అన్నీ ఎక్కిస్తున్నారు. మూటల మీద చిన్నపిల్లలు అప్పటికే నిద్రపోయారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి చెల్లెల్ని చంకనేసుకుని నిలబడి ఉంది. మా బడిలో లెక్కలు అంత చురుగ్గా చేసే పిల్ల ఇంకొకరు లేరు. నన్ను చూసి వాళ్ళమ్మ వెనక్కి జరిగింది.

"అమ్మా, పాపను ఉంచిపోకూడదా?" అన్నాను.

"ఉంచొచ్చు సార్. మరి ఈ చంటిదాన్ని ఎవరు చూస్తారు? నేను చేన్లో ఉంటే గుడారం కాడ ఇది ఒక్కటే ఉంటాదా?" అంది.

నేను బడి నుంచి మోసుకెళ్ళిన మాటలేవీ ఆ ప్రశ్నకు పనికిరాలేదు. చదువు విలువ ఆమెకు తెలియక కాదు, చంటిబిడ్డను చూసుకునే మనిషి లేక. అవ్వ ఊళ్ళోనే ఉంటుందట, కానీ చూపు సరిగా ఆనదు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మ కూడా అక్కడికి వచ్చి ఉంది. ఆమే కల్పించుకుంది: "చంటిదాన్ని పొద్దున నేను అంగన్‌వాడీకి ఇచ్చొస్తా. రాత్రి కూడు మా ఇంట్లో. అవ్వ కాడ పండుకుంటారు." తల్లి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి మూటలోంచి పిల్లల బట్టలు తీసి ఆయమ్మ చేతికిచ్చింది. ఆ రాత్రి ఆ ఇద్దరే ఆగారు. మిగతా పిల్లలంతా లారీలో వెళ్ళిపోయారు.

ఆ తల్లి వెళ్తూ చెప్పిన మాటే నాకు అన్ని శిక్షణల కంటే ఎక్కువ నేర్పింది. "దసరాకే అడ్వాన్సు తీసుకున్నాం సార్, ఇప్పుడు పోకుంటే ఎట్ల?" అంది. కూలీలను పనికి తీసుకెళ్ళే మేస్త్రి దసరా, దీపావళి మధ్య ఇళ్ళకు డబ్బిచ్చి వెళ్తాడు. ఆ డబ్బు పిల్ల పెళ్ళి అప్పుకో, ఎరువుల బాకీకో అప్పుడే పోతుంది. అంటే పిల్లలు బడికి దూరమయ్యేది డిసెంబరులో కాదు, అక్టోబరులో. లారీ దగ్గర నిలబడి మనం ఎంత బతిమాలినా అప్పటికే ఆలస్యం.

అందుకే తర్వాతి ఏడాది తల్లిదండ్రుల కమిటీ సమావేశం దసరా సెలవుల ముందే పెట్టాను, మేస్త్రీలను కూడా పిలిచాను. ఊళ్ళో కొందరికి నచ్చలేదు. అయినా ఏ ఇంటి నుంచి ఎంతమంది పోతారో, పిల్లలు వెంట వస్తారో రారో మేస్త్రికి తెలిసినంత కచ్చితంగా మన హాజరు పట్టీకి తెలియదు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. చాలా బళ్ళలో ఆ ఆడవాళ్ళను సంతకానికే పిలుస్తారు. మా ఊళ్ళో ఏ అవ్వ దగ్గర ఎంతమంది పిల్లలు ఉండగలరో లెక్క చెప్పింది వాళ్ళే.

వలస పిల్లలకు సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, మంచి పథకం. కానీ మాకు మంజూరు కాగితం చేతికొచ్చేసరికి లారీలు వెళ్ళిపోయి ఉండేవి. పంట ఎప్పుడు కోతకొస్తుందో రైతు కూలీకి తెలుసు, కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళకు మాత్రం తెలియదు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే. మీరు ప్రతిపాదన ఆగస్టులోనే పంపండి, రసీదు తీసుకోండి, వారం వారం గుర్తుచేయండి.

వెళ్ళిపోయిన పిల్లల్ని కూడా వదలొద్దు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చదవండి. పిల్లలు ఇంకో ఊరి ప్రభుత్వ బడికి మారాలంటే హెచ్ఎం వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని అక్కడి బడి చేర్చుకోకుండా ఉండకూడదు. పల్నాడు వైపు ఒక హెచ్ఎంకు ఫోన్ చేసి, "మా పిల్లలు మీ ఊరి పొలాల్లోనే ఉన్నారు సార్, మీ తరగతిలో కూర్చోబెట్టుకోండి" అని అడిగాను. ఆయన గుడారాల దగ్గరికి తనే వెళ్ళాడు. హెచ్ఎం పక్కవాళ్ళ నుంచి నేర్చుకోవాలంటే ఇలాంటి ఫోన్లే దారి.

ఈ ప్రమోషన్ కోసం మీరు జీవో (గెజిటెడ్ ఆఫీసర్) టెస్టు, ఈవో (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్) టెస్టు అనే శాఖాపరమైన పరీక్షలు పాసయ్యే ఉంటారు. బిల్లులు, నిబంధనలు వాటిలో ఉంటాయి, అవసరమే. కానీ కుర్చీలో కూర్చున్నాక పొద్దంతా యాప్‌లు మింగేస్తాయి. టీచర్ల హాజరు, పిల్లల హాజరు, భోజనం, గుడ్లు, ఒకప్పుడు మరుగుదొడ్ల ఫొటోలు కూడా మేమే తీసి ఎక్కించాం. ఆ టెన్షన్‌లో పడి తరగతి గదిని వదిలేయకండి. రోజుకు ఒక పీరియడ్ మీరే చెప్పండి, అదీ పదో తరగతికి కాదు, ఆరుకో ఏడుకో. అక్కడ చదవడం రాని పిల్లాణ్ణి మీ కళ్ళతో చూస్తే టీచర్లతో మాట్లాడే తీరు దానంతటదే మారుతుంది. సాయంత్రం ఒక టీచర్‌ను వెంటబెట్టుకుని రానిపిల్లల వీధికి వెళ్ళండి. స్టాఫ్ మీటింగ్‌లో గంటసేపు చెప్పినా రాని మార్పు అలా వస్తుంది.

హెచ్ఎంను పదో తరగతి పాస్ శాతంతోనే కొలవడం మానాలి. ఆ శాతం కోసమే సుగ్గికి పోయిన పిల్లల పేర్లు రిజిస్టర్లోంచి చల్లగా తీసేయమని సలహా ఇచ్చేవాళ్ళు మీకూ తగులుతారు. ఒప్పుకోకండి. పేరు ఉంటే పిల్ల ఉగాది తర్వాతైనా మళ్ళీ వస్తుంది, తీసేస్తే ఆమె కోసం వెతికేవాళ్ళే ఉండరు.

మీది ఏ మండలమో కామెంట్‌లో రాయండి. ఆదోని చుట్టుపక్కల అయితే దసరా ముందు ఎవరితో ఏం మాట్లాడాలో వివరంగా చెప్తాను.