వొంబాట్‌ని చూడటానికి వెళ్లే ముందు

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

జూలై సెలవుల్లో మీరంతా మెల్‌బోర్న్ నుంచి విల్సన్స్ ప్రామొంటరీ నేషనల్ పార్కుకి వెళ్తున్నామని రాశావు. మంచి అదనులోనే వెళ్తున్నారు. వొంబాట్‌కి వేడి పడదు, ఎండాకాలంలో చీకటి పడితే గానీ బొరియ దాటదు. అక్కడి చలికాలంలో మాత్రం సాయంత్రం వెలుగుండగానే గడ్డి మేస్తూ కనిపిస్తుంది. మీ అమ్మ ఫొటో చూసి "పందికొక్కులా ఉందే" అంది. అది పందికొక్కు కాదు, కంగారూలాగా సంచి జంతువు. అన్నట్టు, మన పందికొక్కు మాటే అక్కడ ఇంకో సంచి జంతువుకి బాండికూట్ అనే పేరై కూర్చుంది.

పార్కులో గుడారాలు వేసుకునే చోటు టైడల్ రివర్ చేరాక ముందు పెంటికల కోసం వెతకండి. లూడో పాచికల్లా పలకలుగా, రెండేసి సెంటీమీటర్లు ఉంటాయి. రాత్రికి 80 నుంచి 100 దాకా వేస్తుంది. సాటి వొంబాట్లకు వాసన తగలాలని రాయి మీదో దుంగ మీదో ఎత్తున పెడుతుంది. తిన్న గడ్డి అరగడానికి వారం పైనే పడుతుంది, ఈలోగా నీరంతా పేగు పీల్చేస్తుంది. పేగు చివర గోడ ఒకచోట బిగువుగా, ఒకచోట సాగేట్టు ఉండటంతో గట్టిపడ్డ మలానికి అంచులు తేలతాయి. ఈ సంగతి తేల్చినవాళ్లకు 2019లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) ఇచ్చారు. పెంటిక తేమగా, ముదురు రంగులో ఉంటే కొత్తది. వెలిసిపోయి పీచు తేలితే పాతది, అక్కడ కాపు కాయకండి.

బొరియ నోట్లో తాజా మట్టి, గోళ్ల గీతలు ఉండి సాలెగూడు లేకపోతే రాకపోకలు ఉన్నట్టే. అయినా ఒక్క బొరియ ముందే కూర్చోవద్దు, ఒక్కో జంతువు నాలుగైదు బొరియలు మార్చుకుంటూ పడుకుంటుంది. లోపల చెయ్యి అసలు పెట్టకండి. దాని పిరుదులు మందపాటి చర్మం, మృదులాస్థితో బండలా ఉంటాయి. వాటినే దారికి అడ్డం పెట్టి, లోపలికి దూరినదాన్ని బొరియ కప్పుకేసి నొక్కేస్తుందని అంటారు. అందరూ చేసే తప్పు, ఫొటో కోసం దానికీ బొరియకీ మధ్య నిలబడటం. పాతిక ముప్పై కిలోల జంతువు, కొద్ది దూరమైతే గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. కరుస్తుంది కూడా. పది మీటర్లు ఎడం ఉంచండి, మేత ఆపి తలెత్తిందంటే వెనక్కి జరగండి. తిండి కారులోనే పెట్టి తాళం వేయండి. వాసన తగిలితే గుడారం చింపేస్తుంది.

ఎండలో తిరుగుతూ, బొచ్చు ఊడి, చర్మం పెచ్చులు కట్టిన వొంబాట్ కనిపిస్తే అది గజ్జి. ముట్టుకోవద్దు, మనుషులకూ దురద అంటుతుంది. ఎక్కడ చూశారో రాసుకుని పార్కు సిబ్బందికి చెప్పండి. బొరియ నోటికి ఒక రేకు వేలాడదీసి, అది దూరేటప్పుడు వీపు మీద మందు పడేట్టు చేస్తారు.

మసక చీకట్లో కారు నెమ్మదిగా పోనివ్వండి. దారిలో దెబ్బ తిన్నది బతికుంటే దగ్గరికి పోకుండా ఫోన్ చేయండి. చచ్చిపోయిందని రూఢి అయితేనే, కారు పక్కకు ఆపి, పొట్ట సంచిలో పిల్ల ఉందేమో చూడండి. తవ్వేటప్పుడు మట్టి పడకుండా సంచి నోరు వెనక్కి, వెనక కాళ్ల వైపు ఉంటుంది. చిక్కుడు గింజంత పుట్టే పిల్ల అందులో ఆరు నుంచి పది నెలలు ఉంటుంది. బొచ్చు రాని గులాబీ రంగు పిల్ల చనుమొనను పట్టుకుని ఉంటే లాగొద్దు, నోరు చీలుతుంది. తల్లిని అలాగే రోడ్డు పక్కకు జరిపి, ఏం చేయాలో ఫోన్‌లో అడగండి. బొచ్చు వచ్చి విడిగా ఉంటే ఉన్ని గుడ్డలో చుట్టి, చీకటిగా, వెచ్చగా ఒళ్లో పెట్టుకోండి. జాలిపడి ఆవుపాలు పట్టారా, అవి అరక్క విరేచనాలై చస్తుంది.

కారులో పాత ఉన్ని శాలువా, టార్చి, చేతి తొడుగులు ఉంచుకోండి. దెబ్బతిన్న అడవి జంతువులను ఆదుకునే వైల్డ్‌లైఫ్ విక్టోరియా సంస్థ వాళ్లు 24 గంటలూ ఫోన్ ఎత్తుతారు, బయల్దేరే ముందే ఆ నంబరు మీ అందరి ఫోన్లలో ఎక్కించుకోండి.

ఇట్లు,
బాబాయి