లాగ్ ఫైల్‌లో దాచిన మాట పట్టుకుంది, దీన్నే నమ్ముకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. కాలేజీ పోటీలో కారు క్యాన్ బస్ లాగ్ (కారు లోపలి సందేశాల రికార్డు) ఇచ్చి, అందులో దాచిన సందేశం కనిపెట్టమన్నారు. రెండు రాత్రులు కూర్చుని పట్టుకుంది. ఇప్పుడు జావా కోర్సు వద్దు, ఇదే నేర్చుకుంటానంటోంది. మాకేమో టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, కాకినాడ

జవాబు: ఎవరూ వెంటపడకుండానే రెండు రాత్రులు కూర్చుందన్నారు. ఈ పనికి కావలసిన మొదటి గుణం అదేనండీ.

కారులో ఇంజిన్, బ్రేకులు, మీటర్ బోర్డు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగల దారి క్యాన్ బస్. 1986లో బాష్ సంస్థ తెచ్చింది. మామూలు క్యాన్‌లో ఒక్కో సందేశానికి ఒక ఐడీ, మహా అయితే 8 బైట్ల డేటా ఉంటాయి. పంపింది ఎవరో అందులో ఉండదు. మీ అమ్మాయికి ఇచ్చిన లెక్క ఇలాంటిదే అయి ఉండొచ్చు: వేల వరుసలను ఐడీల వారీగా విడదీస్తే, ఒక ఐడీలో చివరి బైట్ దాదాపు ఎప్పుడూ 00. ఎక్కడో ఒకచోట 53. కాసేపటికి 49, తర్వాత 54, 41. ఇవి హెక్సా (16 ఆధారంగా రాసే) అంకెలు. ఒక్కో ఇంగ్లిష్ అక్షరానికి ఒక అంకె ఇచ్చే ఆస్కీ పట్టికలో చూస్తే ఎస్, ఐ, టి, ఏ. సీత! బియ్యంలో తెల్లరాయి ఏరడం లాంటిది, చూపు అలవాటు పడాలి.

వాహనాల సైబర్ భద్రత ఉద్యోగంలో వెతికేది ఇలా పేర్లను కాదు, రాకూడని సందేశాలను. 2015లో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే భద్రతా పరిశోధకులు, నడుస్తున్న జీప్ చెరోకీని ఇంటర్నెట్ ద్వారా దూరం నుంచే అదుపులోకి తీసుకుని చూపించారు. కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. వాహనాల సైబర్ భద్రతకు 2021లో ఐఎస్ఓ 21434 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. హైదరాబాద్‌లోనే హ్యుందాయ్, వాహన భాగాలు చేసే జెడ్ఎఫ్ సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి.

అయితే ఫ్రెషర్‌కు నేరుగా సెక్యూరిటీ ఉద్యోగం దొరకడం కష్టం. ఎంబెడెడ్ టెస్టింగ్‌లో (యంత్రాల లోపలి చిన్న కంప్యూటర్లను పరీక్షించే పనిలో) చేరి అటు వెళ్లడమే నేను చెప్పే దారి. అందుకు జావా కన్నా సి, పైథాన్, లైనక్స్ ముఖ్యం. కోర్సుకు ఫీజు కట్టేసి ఉంటే పూర్తి చేయనివ్వండి, నష్టం లేదు. లైనక్స్‌లో వీక్యాన్ (ఉత్తుత్తి క్యాన్ బస్), క్యాన్‌యుటిల్స్ (సందేశాలు చూసే, పంపే పనిముట్లు) ఉచితం, కారు లేకుండానే సాధన చేయొచ్చు. ఇంట్లో కారుకు తగిలించి సందేశాలు పంపడం మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. బ్రేకులూ అదే దారిలో మాట్లాడతాయి.

ఆ సందేశం ఎలా దొరికిందో, ఎక్కడెక్కడ తప్పటడుగు వేసిందో రెండు పేజీలు రాయించండి. ఇంటర్వ్యూకి అది తీసుకెళ్లాలి.